టీకా తర్వాత ఏ బిడ్డకు జ్వరం రావచ్చో మన రికార్డులతో ముందే అంచనా వేయడం ఎలా?

ఒడిశాలో రాయగడ, గుణుపురం, పర్లాకిమిడి వైపు పనిచేసే మన నర్సులు, కొత్తగా పోస్టింగ్ వచ్చిన డాక్టర్లు, బ్లాక్ ఆఫీసుల్లో డేటా ఎంట్రీ చేసేవాళ్లు తరచూ అడిగే ప్రశ్న ఒకటుంది. “ఇన్ని రిజిస్టర్లు నింపుతున్నాం కదా, టీకా ఎవరికి పడదో వీటిని చూసి ముందే చెప్పలేమా?”

కొంతవరకు చెప్పగలం. ఎంతవరకన్నది ముందు తేల్చుకుంటే తర్వాత నిరాశ ఉండదు. ఐదు జబ్బులకు కలిపి వేసే పెంటావాలెంట్ టీకా వేశాక జ్వరం, సూది వేసినచోట వాపు, ఆగని ఏడుపు, బడిలో ధనుర్వాతం, డిఫ్తీరియాలకు టీడీ టీకా వేసినప్పుడు పిల్లలు కళ్లు తిరిగి పడిపోవడం లాంటివి తరచూ జరుగుతాయి. ఒక్క బ్లాక్ రికార్డుల్లోనే ఇలాంటివి సరిపడా దొరుకుతాయి కాబట్టి లెక్కకు అందుతాయి. అనాఫిలాక్సిస్ అనే ప్రాణాపాయ అలర్జీ మాత్రం సుమారు పది లక్షల డోసులకు ఒకటి. ఏ సాఫ్ట్‌వేర్ వాడినా అది మీ షీటుకు అందదు. టీకా వేశాక 30 నిమిషాలు కూర్చోబెట్టడం, అడ్రినలిన్ ఉన్న కిట్ చేతికందేలా పెట్టుకోవడం, ఆ విషయంలో మనం చేయగలిగింది ఇదే.

ఇంకొక సంగతి కూడా మొదటే అనుకోవాలి. మర్నాడు ఎవరికి ముందు ఫోన్ చేయాలో, ఏ తల్లికి రెండు మాటలు ఎక్కువ చెప్పాలో తెలుసుకోవడానికే ఈ అంచనా. టీకా ఎవరికి ఆపాలో చెప్పే పని దీనిది కాదు. ఏ బిడ్డకు టీకా వేయకూడదో చెప్పే నియమాలు ఇప్పటికే ఉన్నాయి. ముందు డోసుకు తీవ్రమైన అలర్జీ వచ్చిందంటే ఆ టీకా మళ్లీ వేయరు. రోగనిరోధక శక్తి బాగా దెబ్బతిన్న బిడ్డకు బతికున్న క్రిములతో చేసిన టీకాల సంగతి డాక్టరే తేల్చాలి. ఆ నియమాల జోలికి మన స్కోరు, అంటే ఈ అంచనాలో వచ్చే అంకె, పోకూడదు.

కావలసినవి

- కనీసం ఒక ఏడాది టీకా రికార్డులు: ఆర్‌సీహెచ్ (తల్లీబిడ్డల ఆరోగ్య) రిజిస్టర్, డ్యూ లిస్టు (టీకా పడాల్సిన పిల్లల జాబితా), టాలీ షీట్లు, టీకాల ఆన్‌లైన్ వేదిక యూవిన్‌లో ఎక్కించినవి.
- ప్రతి సెషన్‌లో వాడిన వయల్ (టీకా సీసా) బ్యాచ్ నంబరు, తెరిచిన సమయం.
- టీకా తర్వాత తల్లిని అడిగి రాసిన సమాచారం. చాలాచోట్ల ఇది ఉండదు. లేకపోతే నాలుగో అడుగుతో మొదలుపెట్టి ఆరు నెలలు పోగుచేయండి.
- ఎక్సెల్ గానీ లిబ్రేఆఫీస్ గానీ. మోడల్ కోసం, అంటే పాత రికార్డుల నుంచి అంచనా వేసే లెక్క కోసం, జమోవి. ఇది ఉచితం, కోడ్ రాయక్కర్లేదు. ఆర్ అనే గణాంకాల సాఫ్ట్‌వేర్ వచ్చినవాళ్లు అదే వాడుకోవచ్చు.
- ఒడియా, తెలుగు రెండూ చదవగలిగిన మనిషి ఒకరు. సవర, కుయి మాట్లాడే ఊళ్లయితే అక్కడి ఆశా దీదీ సాయం తప్పనిసరి. మహారాష్ట్రలో సిరోంచ, గడ్చిరోలి వైపు వాళ్లకు మరాఠీ చదివే మనిషి కావాలి. మిగతా అడుగులన్నీ అవే.

అడుగు 1: ఒక్క ప్రశ్న ఎంచుకోండి

“రియాక్షన్ వస్తుందా రాదా” అని పెట్టుకుంటే పని సాగదు. టీకా ఏది, ఏ లక్షణం, ఎన్ని గంటల్లో, ఈ మూడూ తేలాలి. ఉదాహరణకు: “పెంటావాలెంట్ వేసిన 48 గంటల్లో 38 డిగ్రీల సెల్సియస్, అంటే 100.4 ఫారెన్‌హీట్, లేదా అంతకు మించి జ్వరం వస్తుందా?”

గడువు టీకాను బట్టి మారుతుంది. పెంటావాలెంట్‌లో ఉన్న కోరింతదగ్గు భాగం వల్ల జ్వరం ఒకటి రెండు రోజుల్లోనే వస్తుంది, సగం మంది పిల్లల దాకా రావచ్చు. తట్టు, రుబెల్లాలకు వేసే ఎంఆర్ టీకా తర్వాత వచ్చే జ్వరం, దద్దుర్లు సాధారణంగా 7 నుంచి 12 రోజుల మధ్య కనిపిస్తాయి. ఎంఆర్ వేసిన మర్నాడు ఫోన్ చేసి “ఎవరికీ ఏమీ రాలేదు” అని రాసుకుంటే ఆ షీటు మొత్తం వృథా.

మొదటిసారి చేసేవాళ్లకు ఇంతకంటే తేలికైన ప్రశ్న ఒకటుంది. పదేళ్లకు, పదహారేళ్లకు బడిలో వేసే టీడీ టీకా తర్వాత 30 నిమిషాల్లో కళ్లు తిరగడం. ఫలితం మీ కళ్ల ముందే తేలుతుంది, ఫోన్లు చేసే పని లేదు. ఇంతకుముందు ఎప్పుడైనా పడిపోయారా, పొద్దున ఏమైనా తిన్నారా, సూదంటే భయమా, అని మూడు ప్రశ్నలు ముందే అడిగి రాసుకుంటే చాలు.

అడుగు 2: అనుమతి, పేర్ల భద్రత

జిల్లా టీకాల అధికారి దగ్గర రాతపూర్వకంగా అనుమతి తీసుకోండి. థీసిస్‌కో, పత్రికలో వ్యాసానికో వాడాలనుకుంటే ముందే వైద్య కళాశాల ఎథిక్స్ కమిటీకి వెళ్లాలి. భారత వైద్య పరిశోధన మండలి (ఐసీఎంఆర్) 2017 మార్గదర్శకాలు ఈ విషయంలో స్పష్టంగా ఉన్నాయి. కృత్రిమ మేధ వాడకం మీద 2023లో విడిగా ఇంకొన్ని ఇచ్చారు. వ్యక్తిగత డిజిటల్ సమాచారం మీద అదే ఏడాది చట్టమూ వచ్చింది.

చేతల్లో ఇలా చేయండి. పేరు, ఫోను, ఆర్‌సీహెచ్ నంబరు ఒక ఫైల్లో, దాని పక్కన మీరిచ్చిన కోడ్. లెక్కలు చేసే ఫైల్లో కోడ్ ఒక్కటే. రెండు ఫైళ్లూ ఒకే పెన్‌డ్రైవ్‌లో ఉండకూడదు. షీటును వాట్సాప్ గ్రూపులో పెట్టకండి. పేర్లున్న జాబితాను చాట్‌బాట్‌లో అతికించి “విశ్లేషించు” అనకండి.

పేరు తీసేస్తే సరిపోతుందనుకోవద్దు. పాతిక ఇళ్ల గూడెంలో ఫలానా తేదీన పుట్టిన ఆడపిల్ల అంటే ఎవరో ఊరందరికీ తెలుసు. బయటికిచ్చే కాపీలో పుట్టినతేదీ బదులు వారాల్లో వయసు, ఊరి బదులు సబ్‌సెంటర్ కోడ్ పెట్టండి.

కులం, తెగ కాలమ్ మోడల్‌లో పెట్టవద్దని నా గట్టి మాట. ఆ కాలమ్ ఆసుపత్రికి ఎంత దూరమో, ఫోను ఉందో లేదో, సిస్టర్ ఎన్నిసార్లు వెళ్లిందో, ఇవన్నీ పట్టుకుని బిడ్డ శరీరానికి అంటగడుతుంది. “ఈ తెగ పిల్లలకు టీకా పడదట” అన్న మాట ఒకసారి కొండ మీదికి చేరితే మళ్లీ నమ్మకం కూడగట్టడానికి ఏళ్లు పడుతుంది.

అడుగు 3: ఒక డోసుకు ఒక వరుస

బిడ్డకు ఒక వరుస పెడితే డోసులు కలిసిపోతాయి. ప్రతి డోసుకూ ఒక వరుస ఉండాలి. కాలమ్‌లు ఇవి: కోడ్, పుట్టినతేదీ, ఆడ/మగ, పుట్టినప్పటి బరువు, టీకా, ఎన్నో డోసు, బ్యాచ్, వయల్ తెరిచిన గంట, సూది వేసిన గంట, వేసినవారి కోడ్, అదే రోజు వేసిన మిగతా టీకాలు, ముందు డోసుకు జ్వరం వచ్చిందా, గత వారంలో జ్వరం ఉందా, ఇంట్లో ఎవరికైనా చిన్నప్పుడు జ్వరంతో ఫిట్స్ వచ్చాయా, తెలిసిన అలర్జీ. తర్వాత ఫలితం కాలమ్‌లు వేరే రంగులో.

వయసు రాయకండి, పుట్టినతేదీ రాయండి. వయసు ఎక్సెల్ లెక్కేస్తుంది. “రెండో నెల” అని రాస్తే ఆరు వారాలా ఎనిమిది వారాలా తర్వాత ఎవరూ చెప్పలేరు.

మన సరిహద్దులో అసలు చిక్కు ఇక్కడే. రాయగడలో కాపురమున్న ఆడపిల్ల పురిటికి పార్వతీపురం పుట్టింటికి వెళ్తుంది. పర్లాకిమిడి అమ్మాయికి పాతపట్నం గడప దాటితే పుట్టిల్లు. క్షయకు వేసే బీసీజీ, పుట్టగానే వేసే హెపటైటిస్ బి, మొదటి పెంటా ఆంధ్రాలో పడతాయి. రెండోది ఒడిశాలో. ఒక కార్డు తెలుగులో, ఇంకో రిజిస్టర్ ఒడియాలో. అక్కడ ఇంటిపేరు ముందు, ఇక్కడ చివర. లక్ష్మి అన్న పేరునే ఇంగ్లిష్‌లో నాలుగు రకాలుగా రాస్తారు. ఎక్సెల్ కళ్లకు వీళ్లు నలుగురు తల్లులు.

అందుకని పేరుతో జతచేయకండి. ముందు ఆర్‌సీహెచ్ నంబరు చూడండి. అది కలవకపోతే పుట్టినతేదీ, తల్లి పేరులో మొదటి మూడక్షరాలు, బిడ్డ ఆడా మగా, ఈ మూడూ కలిసిన వరుసలు పక్కకు తీసి మనిషి కళ్లతో చూడాలి. ఫోను నంబరును గుడ్డిగా నమ్మవద్దు. సిగ్నల్ లేని ఊళ్లలో పదిమంది పిల్లలకు ఆశా దీదీ నంబరే ఉంటుంది.

సరిచూసుకునే పద్ధతి: జతచేసిన వాటిలో యాభై వరుసలు ఏవో కొన్ని తీసి అసలు కార్డులతో పోల్చండి. ఐదు కంటే ఎక్కువ తప్పులుంటే ముందుకు పోవద్దు.

అడుగు 4: ఫలితాన్ని అడిగి రాయండి

ఈ పనంతటికీ ప్రాణం ఈ అడుగే. మిగతావి ఆదరాబాదరాగా చేసినా సర్దుకోవచ్చు గానీ ఇది పాడైతే మిగిలేది ఏమీ లేదు.

నెలవారీ రిపోర్టులో ఎక్కిన రియాక్షన్లను ఫలితంగా తీసుకోకండి. అందులో ఉన్నవి జరిగినవి కావు, ఎవరో చెబితే ఎవరో రాసినవి. శ్రద్ధగా తిరిగే సిస్టర్ ఉన్న సబ్‌సెంటర్‌లో ముప్పై జ్వరాలు ఉంటాయి. అసలు అడగని చోట సున్నా ఉంటుంది. మోడల్‌కు ఆ షీటిస్తే శ్రద్ధగల సిస్టర్ ఊరి పిల్లలకే టీకా పడదని నేర్చుకుంటుంది. మంచి పనికి ఇంతకంటే అన్యాయం ఉండదు.

కాబట్టి ప్రతి డోసుకూ, గడువులోపల, ఒకే మాటలతో అడగాలి. ఫోన్ చేసి “పాపకి ఎలా ఉందమ్మా?” అంటే వచ్చే జవాబు “బాగానే ఉంది” అనే. పెద్ద నర్సమ్మ ఫోన్ చేసిందన్న గౌరవం కొంత, ఫిర్యాదు చేసినట్టవుతుందన్న మొహమాటం కొంత. ఇలా అడగండి:

“అమ్మా, మొన్న సూది వేయించాక ఆ రాత్రి పాప పడుకుందా?”
“ఎక్కడ పడుకుంది సిస్టరమ్మా, గుక్కపట్టి ఏడ్చింది. ఒళ్లు కాలిపోయింది.”
“థర్మామీటర్ పెట్టారా, చేత్తో చూశారా?”
“చేత్తోనే.”
“మేమిచ్చిన సిరప్ పట్టారా? ఒళ్లు వేడెక్కాక పట్టారా, ముందే పట్టారా?”
“ఇంటికెళ్లగానే ఒకసారి పట్టేశాం. రాత్రి ఇంకోసారి.”

నాలుగు ప్రశ్నలకు మూడు కాలమ్‌లు నిండాయి. జ్వరం వచ్చింది, చేత్తో చూసింది, పారాసిటమాల్ ముందే పట్టింది. ఈ మూడోది రాయకపోతే పెద్ద తప్పు. ముందే మందు పట్టిన బిడ్డకు జ్వరం కనిపించకపోవచ్చు. అంతమాత్రాన ఆ బిడ్డకు రాదని కాదు. (జ్వరం రాకముందే అందరికీ మందు పట్టించడం మంచిది కాదు, టీకాకు శరీరం ఇచ్చే స్పందన తగ్గవచ్చని పరిశోధనల్లో కనిపించింది. ఈ మాట తల్లులకు సెషన్‌లోనే చెప్పండి.)

జవాబు గడిలో మూడే రాయాలి: వచ్చింది, రాలేదు, అడగలేదు. ఖాళీ వదలకండి. ఖాళీని సున్నా అనుకోవడం వల్ల పాడైనన్ని షీట్లు ఇంకే తప్పు వల్లా పాడవవు.

ఫోను భర్త దగ్గరుండి, ఆయన వలసపనికి పోయి ఉంటే “నాకు తెలీదండి” అంటాడు. దాన్ని “రాలేదు” అని రాయకండి, “అడగలేదు” కిందే రాయండి. మల్కన్‌గిరి లోపలి ఊళ్లలాగా సిగ్నల్ అందని చోట తర్వాతి మమతా దివస్‌కో (ఊళ్లో తల్లీబిడ్డల ఆరోగ్య దినం), ఆశా దీదీ ఇంటికెళ్లినప్పుడో అడగాలి. ఎన్ని రోజుల తర్వాత అడిగారో రాసుకోండి. నెల తర్వాత అడిగిన జ్ఞాపకం రెండో రోజు చెప్పిన మాటతో సమానం కాదు.

అడిగినవాళ్లు మొత్తంలో నూటికి ఎనభై దాటకపోతే మోడల్ జోలికి పోకండి. దొరకని కుటుంబాలు ఎప్పుడూ దూరపు ఊళ్లవే. వాళ్లను వదిలేసి వేసిన లెక్క రోడ్డు పక్క ఊళ్ల లెక్క మాత్రమే అవుతుంది.

అడుగు 5: శుభ్రం చేయడం

ఇక్కడ నాలుగు ఉచ్చులున్నాయి.

ముందు తేదీలు. రోజు-నెల, నెల-రోజు తారుమారై 05-04 కాస్తా మే 4 అవుతుంది. టీకా తేదీ పుట్టినతేదీ కంటే ముందున్న వరుసలు, పెంటా ఆరు వారాలకంటే ముందు పడినట్టున్న వరుసలు వడకట్టి చూస్తే చాలావరకు దొరుకుతాయి.

రెండోది, తర్వాత తెలిసేవాటిని ముందు తెలిసినట్టు వాడడం. “రాత్రి సిరప్ పట్టారు”, “ఆసుపత్రికి తీసుకెళ్లారు” అన్న కాలమ్‌లు మోడల్‌లో పెడితే అంచనా అద్భుతంగా వస్తుంది. జ్వరం వచ్చాకే కదా సిరప్ పట్టింది! సూది వేసే క్షణానికి మీకు తెలిసినవే అంచనాకు వాడాలి. ఫలితం అనుమానం వచ్చేంత బాగుంటే ముందు ఇదే వెతకండి.

మూడోది మలేరియా. వానలు పడ్డాక మన కొండప్రాంతాల్లో టీకా వేసినా వేయకపోయినా పిల్లలకు జ్వరాలు వస్తాయి. టీకా తర్వాతి రోజు జ్వరమైనా సరే రక్తపరీక్ష మానకండి. పరీక్ష ఫలితానికి ఒక కాలమ్, నెలకు ఒక కాలమ్ ఉంచండి. టీకా తర్వాత జరిగింది కాబట్టి టీకా వల్లే జరిగిందనుకోవడం ఎంత ప్రమాదమో మల్కన్‌గిరి చూసి నేర్చుకోవాలి. 2016లో అక్కడ పిల్లలు మెదడువాపు లక్షణాలతో వరుసగా చనిపోయారు. జపనీస్ ఎన్‌సెఫలైటిస్ ఒక కారణం కాగా, చాలామంది విషయంలో కసింద గింజల విషం, ఒడియాలో బాణ చకుండా అంటారు, కారణమని నిపుణుల బృందం చెప్పింది. అలాంటి కాలంలో ఏ టీకా వేసినా, మర్నాడు ఏ బిడ్డకైనా ఫిట్స్ వస్తే నింద టీకా మీదికే పోతుంది.

నాలుగోది కంటికి కనిపించదు. మొదటి డోసుకు బాగా ఇబ్బంది పడిన పిల్లలను కొందరు తల్లులు రెండో డోసుకు తీసుకురారు. అందుకని రెండో, మూడో డోసు వరుసల్లో మిగిలేది తట్టుకున్న పిల్లలే. “డోసులు పెరిగేకొద్దీ జ్వరాలు తగ్గుతున్నాయి” అని సంబరపడేముందు మొదటి డోసు తర్వాత రానివాళ్ల జాబితా తీయండి. ఆ జాబితా మోడల్‌కంటే విలువైనది. ఆ ఇళ్లకు ముందు వెళ్లండి.

అడుగు 6: మోడల్‌కు ముందు చేతిలెక్క

ఎక్సెల్‌లో ఒక పివట్ టేబుల్, అంటే గుంపులవారీగా లెక్కేసే పట్టిక, వేయండి. అర్థం కావడానికి వేసుకున్న అంకెలు ఇవి: ఫలితం తెలిసిన రెండో, మూడో డోసులు 600. అందులో 240కి జ్వరం, అంటే నూటికి 40. ముందు డోసుకు జ్వరం వచ్చినవాళ్లు 150 మంది, వాళ్లలో ఇప్పుడు 90 మందికి వచ్చింది, నూటికి 60. ముందు రానివాళ్లు 450, వాళ్లలో 150 మందికి, నూటికి 33.

ఈ ఒక్క టేబుల్‌తోనే సగం పని అయిపోయింది. “ముందు డోసుకు వచ్చిందా?” అన్న ఒక్క ప్రశ్న పిల్లలను రెండు గుంపులు చేసింది. చాలా సబ్‌సెంటర్లకు ఇంతకుమించి అవసరం లేదు. ఇక్కడితో ఆపి నేరుగా తొమ్మిదో అడుగుకు వెళ్లినా తప్పు లేదు.

సున్నా వచ్చిన గడుల సంగతి కూడా చూడండి. 600 డోసుల్లో ఒక్కరికీ ఫిట్స్ రాలేదనుకోండి. ప్రమాదం లేదని అర్థం కాదు. మూడును డోసుల సంఖ్యతో భాగించండి: 3/600, అంటే 200కు ఒకటి. అసలు ప్రమాదం అంతవరకూ ఉండే అవకాశాన్ని మీ షీటు తోసిపుచ్చలేదు. “మా బ్లాక్‌లో ఎప్పుడూ రాలేదు” అని మీటింగులో చెప్పేముందు ఈ చిన్న లెక్క వేసుకోండి.

అడుగు 7: మోడల్

జమోవిలో షీటు తెరిచి, రిగ్రెషన్ కింద రెండు ఫలితాల లాజిస్టిక్ రిగ్రెషన్ (వస్తుందా రాదా అన్నదాని అవకాశం లెక్కేసే పద్ధతి) ఎంచుకోండి. ఫలితం గడిలో జ్వరం. అంచనా గడుల్లో ముందు డోసు జ్వరం, వారాల్లో వయసు, అదే రోజు వేసిన టీకాల సంఖ్య, గత వారంలో జ్వరం, వానాకాలమా కాదా. మొదటిసారికి ఈ ఐదు చాలు.

ఎన్ని కాలమ్‌లు పెట్టవచ్చన్నదానికి పాత మోటు లెక్క ఒకటుంది. జ్వరం వచ్చినవాళ్లు ప్రతి పదిమందికి ఒక కాలమ్. ముప్పై మందికే జ్వరం వచ్చిన షీటులో పదిహేను కాలమ్‌లు పెడితే మోడల్ ఆ ముప్పై మంది ముఖాలు బట్టీపడుతుంది, కొత్త బిడ్డ ముందు తెల్లముఖం వేస్తుంది.

ఒకే బిడ్డ రెండు మూడు వరుసల్లో ఉంటాడు కాబట్టి మొదటిసారి ఒక డోసునే, రెండోదాన్నే తీసుకోండి. ఆర్ తెలిసినవాళ్లు ఒకే బిడ్డ వరుసలను కలిపి లెక్కించే మిశ్రమ మోడల్ వేసుకోవచ్చు.

లెక్క కట్టేటప్పుడు చివరి నాలుగు నెలల వరుసలు పక్కన దాచండి, వాటిని మోడల్‌కు చూపించకండి. వరుసలను చిట్టీలు తీసినట్టు కలిపి విడదీయడం కంటే కాలాన్నిబట్టి విడదీయడం మేలు, ఎందుకంటే రేపు మీరు వాడబోయేది రాబోయే నెలల పిల్లల మీద.

అడుగు 8: సరిచూడడం

దాచిన నాలుగు నెలల మీద మూడు పరీక్షలు చేయండి.

మొదట, స్కోరు చెప్పినంత జరిగిందా? పిల్లలను స్కోరునుబట్టి నాలుగైదు గుంపులు చేయండి. నూటికి 60 అని చెప్పిన గుంపులో 50 మంది ఉంటే, దాదాపు 30 మందికి జ్వరం రావాలి. 15 మందికే వస్తే మోడల్ అనవసరంగా బెదిరిస్తోంది. 45 మందికి వస్తే తక్కువ చేసి చెబుతోంది. చాలామంది ఈ పరీక్ష వదిలేస్తారు, నాకైతే మూడింటిలో ముఖ్యమైనది ఇదే. తల్లికి చెప్పేది ఈ అంకె నుంచే కదా.

తర్వాత, వచ్చినవాళ్లను రానివాళ్లను వేరు చేస్తోందా? దీనికి ఏయూసీ అని ఒక అంకె ఉంది. జ్వరం వచ్చిన బిడ్డను, రాని బిడ్డను జతగా తీసుకుంటే ఎన్నిసార్లు వచ్చిన బిడ్డకే ఎక్కువ స్కోరు పడిందో అది చెబుతుంది. 0.5 అయితే బొమ్మా బొరుసూ వేసినట్టే. ఇలాంటి పనిలో 0.65, 0.7 వచ్చినా పనికొస్తుంది. 0.95 వస్తే సంతోషించకుండా ఐదో అడుగులో రెండో ఉచ్చు దగ్గరికి వెళ్లండి.

మూడోది, ఒక్క ప్రశ్నను ఓడించిందా? ఆరో అడుగులోని “ముందు డోసుకు వచ్చిందా” అన్న ప్రశ్నతో పోల్చండి. దానికంటే మోడల్ పట్టిన పిల్లలు పెద్దగా ఎక్కువ లేకపోతే మోడల్ పక్కన పెట్టి ప్రశ్ననే వాడండి. కాగితం మీద ఉండే ఒక్క ప్రశ్నకు కరెంటు అక్కర్లేదు, కొత్త సిస్టర్‌కు శిక్షణ అక్కర్లేదు.

ఇవి కుదిరాక ఊళ్లవారీగా విడదీసి చూడండి. రాయగడ పట్టణంలో కుదిరింది కొండ మీది సవర గూడేల్లో కుదరకపోతే అక్కడ వాడకండి.

అడుగు 9: వాడడం

స్కోరును మూడు మెట్లు చేయండి. తక్కువ ఉన్నవాళ్లకు మామూలుగా చెప్పే నాలుగు మాటలు: ఏ టీకా దేనికి, ఏం కావచ్చు, మళ్లీ ఎప్పుడు రావాలి, కార్డు భద్రం. మధ్యలో ఉన్నవాళ్లకు జ్వరం వస్తే మందు ఎంత, ఎన్ని గంటలకు అన్నది తల్లి చేత తిరిగి చెప్పించండి. ఎక్కువ ఉన్నవాళ్లకు అదే సాయంత్రం ఫోన్, మర్నాడు ఆశా దీదీ ఇంటికి.

తల్లికి అంకె చెప్పకండి. “మీ పాపకు అరవై శాతం” అంటే ఇల్లంతా టెన్షన్. “పోయినసారి వచ్చింది కదమ్మా, ఈసారీ రావచ్చు, ఒకటి రెండు రోజుల్లో తగ్గిపోతుంది. రెండు రోజులు దాటినా, పాలు తాగకపోయినా, ఫిట్స్ వచ్చినా రాత్రైనా సరే ఫోన్ చెయ్యి” అనండి. ఈ మాట ముందే విన్న తల్లి జ్వరం చూసి భయపడదు, తర్వాతి డోసుకు తీసుకొస్తుంది. డ్యూ లిస్టులో స్కోరు ఎక్కువ ఉన్న పిల్లలు తర్వాతి డోసుకు వస్తున్నారా లేదా అని నెలనెలా చూడండి. వాళ్ల హాజరు తగ్గితే స్కోరు ఎవరో టీకా ఆపడానికి వాడుతున్నారేమో కనుక్కోండి.

స్కోరుకు అందనివి

ఒకే సెషన్‌లో, ఒకే వయల్‌తో వేసిన ఇద్దరు ముగ్గురు పిల్లలకు ఒకేలాంటి ఇబ్బంది వస్తే లెక్కలు ఆపేయండి. కారణం పిల్లల్లో లేదు. కలిపిన ఎంఆర్, బీసీజీ వయల్ నాలుగు గంటలు దాటి వాడారా, కలిపే ద్రవం సరైనదేనా, కోల్డ్ బాక్స్‌లో మంచు కరిగిందా చూడాలి. ఇచ్చిన మందు స్ట్రిప్ కూడా చూడాలి. 2019 మార్చిలో హైదరాబాద్‌లో పెంటావాలెంట్ వేసిన పసిపిల్లలకు పారాసిటమాల్ బదులు ట్రమడాల్ అనే గట్టి నొప్పిమందు బిళ్లలు చేతికిచ్చారు, వారిలో కొందరు చనిపోయారు. ఆ పిల్లల రికార్డులు ఎన్నిసార్లు తిరగేసినా అది ముందే తెలిసేది కాదు. తెలిసేది స్ట్రిప్ మీది పేరు చదివితేనే.

మరణం, ఆసుపత్రిలో చేర్చడం, అంగవైకల్యం, గుంపుగా రావడం, వీటిలో ఏది జరిగినా వెంటనే వైద్యాధికారికి, జిల్లా టీకాల అధికారికి ఫోన్ చేయండి, అదే రోజు కేసు రిపోర్టింగ్ ఫారం నింపండి. మిగిలిన వయల్, సిరంజి పారేయకుండా చల్లగా భద్రపరచండి. టీకా వల్లా, వేసిన తీరు వల్లా, భయం వల్లా, కాకతాళీయమా అన్నది ఇలాంటి కేసులను పరిశీలించే కమిటీ తేలుస్తుంది. షీటులో మీరు తేల్చి రాయకండి. మామూలు జనం నేరుగా చెప్పాలనుకుంటే మందుల దుష్ప్రభావాలు నమోదు చేసే ఫార్మకోవిజిలెన్స్ టోల్‌ఫ్రీ నంబరు 1800-180-3024.

“మా మోడల్ నూటికి 99 పాళ్లు కరెక్ట్, అనాఫిలాక్సిస్ కూడా పట్టేస్తుంది” అని ఎవరైనా సాఫ్ట్‌వేర్ అమ్మజూపితే ఈ లెక్క అడగండి. పది లక్షల డోసుల్లో నిజంగా ప్రమాదమున్నది ఒక్క బిడ్డకు. నూటికి ఒకటి తప్పు అంటే పదివేల మంది మామూలు పిల్లలను ప్రమాదమని చూపిస్తుంది. ఆ పదివేల మందిని వెనక్కి పంపితే కోరింతదగ్గు, తట్టు ఎంతమందిని పట్టుకుంటాయి?

జ్వరంతో వచ్చే ఫిట్స్‌కు కూడా ఇదే చిక్కు, కాస్త తక్కువగా. తట్టు ఉన్న టీకాల తర్వాత మూడు నాలుగు వేల డోసులకు ఒకటి చొప్పున వస్తాయి. బ్లాక్ డేటాతో మోడల్ కట్టలేం. ఇంట్లో ఎవరికైనా చిన్నప్పుడు వచ్చాయా అని అడిగి, వచ్చాయంటే ఏడో రోజు నుంచి పన్నెండో రోజు దాకా గమనించమని చెప్పగలం.

ఎప్పుడు మళ్లీ లెక్క కట్టాలి

కొత్త టీకా షెడ్యూల్‌లో చేరినప్పుడు, కంపెనీ మారినప్పుడు, ఫోన్లు చేసే మనిషి మారినప్పుడు ఎనిమిదో అడుగులోని మొదటి పరీక్ష మళ్లీ చేయండి. ఏమీ మారకపోయినా మూడు నెలలకోసారి చేయండి. స్కోరు చెప్పినదానికి, జరిగినదానికి తేడా వరుసగా రెండుసార్లు పెరిగితే ఆ స్కోరు ఆపి, కొత్త వరుసలతో మళ్లీ కట్టేదాకా “ముందు డోసుకు వచ్చిందా?” అన్న ప్రశ్నతో నడపండి. పాత షీటును చెరపకుండా తేదీ వేసి దాచండి, తర్వాత వచ్చే డేటా ఆపరేటర్‌కు ఏ కాలమ్ ఎప్పుడు మొదలైందో అందులోనే తెలుస్తుంది.